చుట్టరికాలకు లెక్క కట్టినవాళ్లు

గణితం మనుషుల జోలికొస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో తెలియాలంటే వేన్ జాకరీ 1977లో రాసిన పరిశోధన వ్యాసం చదవాలి. అమెరికాలో ఓ విశ్వవిద్యాలయపు కరాటే క్లబ్బు. ఫీజుల మీద గురువుకీ అధ్యక్షుడికీ చెడింది, క్లబ్బు రెండయింది. జాకరీ 34 మందిని పట్టుకుని, క్లబ్బు బయట ఎవరు ఎవరితో ఎన్ని చోట్ల కలుస్తారో చూసి స్నేహాలను తూచాడు. గురువు నుంచి అధ్యక్షుడి దాకా గొట్టాల్లో నీళ్లు పారుతున్నట్టు ఊహించి, అతి తక్కువ కోతతో ఆ ధార ఎక్కడ ఆగుతుందో లెక్కగట్టాడు. ఎవరు ఎటు చేరారో ఒక్కరి విషయంలో తప్ప సరిపోయింది! ఆ ఒక్కడూ లెక్క ప్రకారం అధ్యక్షుడి పక్షమే. మూడు వారాల్లో బ్లాక్‌బెల్ట్ పరీక్ష పెట్టుకుని గురువును ఎలా వదులుతాడు? ఆ సంగతి దాచకుండా రాశాడు చూడండి, అదీ పనితనం.

మనుషుల సంబంధాలను ఇలా లెక్కగట్టే విద్యకు జాకబ్ మొరెనో ఆద్యుడంటారు. 1930లలో చుక్కలూ గీతలూ వేసి చూపాడు. సరే, అసలు మజా ఆంద్రే వేయ్ దగ్గరుంది. అలీగఢ్‌లో పాఠాలు చెప్పి వెళ్లిన ఫ్రెంచి గణితవేత్త. మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ 1949లో బంధుత్వాల మీద వేసిన పుస్తకానికి అనుబంధం రాశాడు. విషయం ఆస్ట్రేలియా ఆదివాసుల పెళ్లిళ్లే అయినా మనింటి సంగతిలా ఉంటుంది. తల్లిదండ్రుల పెళ్లి ఏ రకమో తెలిస్తే కొడుకుది ఏ రకమో, కూతురిది ఏ రకమో నియమం చెప్పేస్తుంది. అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి నుంచి మొదలెట్టండి. అమ్మ, ఆమె కొడుకు: ముందు కూతురి నియమం, తర్వాత కొడుకు నియమం. మేనమామ, ఆయన కూతురు: ముందు కొడుకుది, తర్వాత కూతురిది. బావామరదళ్ల పెళ్లి కుదరాలంటే రెండు దారులూ ఒకే రకానికి చేరాలి. అంటే ఏ నియమం ముందు వాడినా ఫలితం మారకూడదు. అంతే, మేనరికం ఒక్క సమీకరణంలో ఇమిడిపోయింది!

ఒకప్పుడు ఇటలీలోని ఫ్లారెన్స్‌లో పెత్తనం చేసిన మెడిచీ కుటుంబం కథా తక్కువది కాదు. అక్కడి స్ట్రోజీ కుటుంబం వాళ్లు మెడిచీల కంటే ధనవంతులు. పరిశోధకులు పాజెట్, ఆన్సెల్ 1993లో గీసిన పెళ్లి సంబంధాల పటంలో మాత్రం మిగతా కుటుంబాల మధ్య దగ్గరి దారుల్లో సగానికి పైగా మెడిచీల గడప మీదుగానే పోతాయి.

ఇప్పుడు ఈ విద్య పేరుతో సాగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. లక్ష సోషల్ మీడియా ఖాతాలు దింపుకోవడం, సాఫ్ట్‌వేర్‌లో పోయడం, రంగురంగుల చిక్కు బొమ్మ తీసి ‘ఇన్‌ఫ్లుయెన్సర్ స్కోరు’ అని అమ్ముకోవడం. ‘ఫాలో’ నొక్కినవాడు అప్పిస్తాడా, ఆసుపత్రికి తోడొస్తాడా? ఏ గీతకు ఏమర్థమో అడిగే నాథుడు లేడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కర్ణాటకలో 75 పల్లెలు తిరిగి, బియ్యం, కిరోసిన్ ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, సలహాకు ఎవరింటికి వెళ్తారు అని మనుషుల్నే అడిగింది. నా ఓటు అటే.

మనవైపు గణితం ఎమ్మెస్సీ చేసే పిల్లలకు సమాజశాస్త్రం గది ఎటుందో తెలీదు. బాబూ, ఎవరింటి పిల్ల ఎవరింటికి వెళ్లిందో నాలుగు తరాలు గడగడా చెప్పే ముసలమ్మలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. మేనరికాలు తగ్గిపోతున్నాయి. ఒక్క ఊరు ఎంచుకోండి, కాగితం, కలం పట్టుకుని ఈ వేసవి సెలవుల్లోనే వెళ్లండి.