బెల్టు కోయకముందే
బొగ్గునో, ఇనుప ఖనిజాన్నో మోసే కన్వేయర్ బెల్టు తెగినప్పుడు దాని రెండు కొసలనూ మెట్లుమెట్లుగా చెక్కి, నడుమ పచ్చి రబ్బరు పరచి, వేడితోనూ ఒత్తిడితోనూ ఒకే ముక్కగా అతికించే పనిని వల్కనైజింగ్ అంటారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లోనూ, ఉక్కు కర్మాగారాల్లోనూ, ఓడరేవుల్లోనూ ఇందుకు వాడే ప్రెస్సులో బెల్టుకు పైన ఒకటి, కింద ఒకటి వేడి పలకలు, వాటిని పట్టి ఉంచే అడ్డ బీములు, బీముల కొసలను బిగించే బోల్టులు, నీటితోనో గాలితోనో ఉబ్బి పలకను బెల్టు మీద అదిమే ప్రెషర్ బ్యాగు ఉంటాయి.

ఈ సామగ్రిని బెల్టు కోసిన తర్వాత కాక, అంతకుముందే, వీలైతే ముందురోజు స్టోరులోనే పరీక్షించడం అత్యవసరం. ఒకసారి బెల్టు కోశాక ప్లాంటు ఆగిపోయి ఉంటుంది, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి; అలాంటి వేళ అరిగిన బోల్టును చూసి కూడా ‘ఈ ఒక్కసారికి’ అని సరిపెట్టుకునే ప్రమాదం ఎంత అనుభవజ్ఞుడికైనా ఉంది.

బోల్టు విషయంలో సరిపెట్టుకోవడానికి ఎందుకు వీల్లేదో లెక్క వేస్తే తెలుస్తుంది. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి స్వల్పంగానే తోచినా, ఒక చదరపు మీటరు పలక మీద అది 70 టన్నుల బలమవుతుంది. ఆరు జతల బీములున్న ప్రెస్సులో ఆ బలాన్ని పన్నెండు బోల్టులు పంచుకుంటాయి కనుక ఒక్కొక్కదాని మీద దాదాపు 6 టన్నులు పడుతుంది. ఒకటి తెగితే దాని భారం పక్కవాటి మీదికి పోయి, అవి కూడా తెగవచ్చు. అందుకే ప్రతి నట్టునూ చేత్తోనే మర చివరిదాకా తిప్పి చూడాలి. నడుమ పట్టేసినా, వదులుగా ఊగినా, మర అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నా ఆ నట్టు-బోల్టు జతను తీసేయాలి. అదే కొలత గల మామూలు బోల్టును బజారు నుంచి తెచ్చి పెట్టడం అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే కొలత ఒకటైనంత మాత్రాన ఉక్కు బలం ఒకటి కాదు.

బ్యాగులో మడతల వెంబడి పగుళ్లనూ, గొట్టం కలిసే చోటునూ చూడాలి. నీటితో పోలిస్తే గాలి ఒత్తిడికి బాగా కుదించుకుపోయి ఎంతో శక్తిని నిల్వ చేసుకుంటుంది కనుక, గాలితో నింపిన బ్యాగు పగిలితే పేలుడంత పని జరుగుతుంది. బీముల నడుమ బిగించకుండా బ్యాగులో ఒత్తిడి ఎక్కించడం ఎన్నడూ చేయకూడని పని. ఒత్తిడి లేనప్పుడు కూడా గేజి ముల్లు సున్నాకు రాకపోతే ఆ గేజిని నమ్మరాదు.

పలకలు సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కేది కరెంటుతో, పక్కనే నీరు. కాబట్టి కేబుళ్లనూ ప్లగ్గులనూ చూడటంతో ఆగక, ఎర్తింగునూ, మెగ్గరుతో ఇన్సులేషన్‌నూ పరీక్షించాలి. ఇక బెల్టును లాగి పట్టే చైన్ పుల్లీ బ్లాకుల వంటి ఎత్తుడు సాధనాలను అర్హుడైన వ్యక్తి కనీసం 12 నెలలకొకసారి క్షుణ్ణంగా పరీక్షించాలని 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 29వ సెక్షన్ చెప్పేది. అయితే ఆ పరీక్ష జరిగినట్టు సర్టిఫికెట్ వచ్చిన మరునాడే కొక్కెం నోరు తెరుచుకొని ఉండవచ్చు గనుక, వాడే రోజున దాన్ని మళ్లీ చూడవలసిందే.