కాంక్రీటు రోడ్డు మందం – ఖర్చుకు తగిన ఫలమెంత?

కాంక్రీటు రోడ్డు పలక పలుచనైతే త్వరలో పగులుతుంది; అవసరానికి మించి మందమైతే డబ్బు నేలపాలవుతుంది. ఈ రెంటి నడుమ హద్దు ఎక్కడనో తేల్చుటకు జరిగిన ప్రయత్నాలలో పేరెన్నికగన్నది అమెరికాలోని ఆషో రోడ్డు పరీక్ష. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా పట్టణం సమీపాన 1958 అక్టోబరు నుండి 1960 నవంబరు వరకు సైనికులు నడిపిన లారీలు ఐదు వలయాలపై తిరిగినవి. మిగిలిన ఒక వలయంపై బండ్లు నడపక, ఎండవానల ప్రభావాన్ని చూచుటకై విడిచిపెట్టారు. రెండున్నర అంగుళాలు మొదలు పన్నెండున్నర అంగుళాల వరకు గల పలకలపై 11 లక్షలకు పైగా ఇరుసు బరువులు దొర్లినవి.

ఈ పరీక్షలో మెచ్చదగినది దాని కొలమానం. అంతకు ముందు రోడ్డు ‘పాడైనది’ అంటే ఒక ఇంజనీరుకు చీలిక, మరొకరికి గుంట. 1960లో కేరీ, ఐరిక్ అనువారు వేరొక మార్గం చూపారు. కొందరిని రోడ్డుపై ప్రయాణం చేయించి 0 నుండి 5 వరకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులకును, ఎగుడుదిగుళ్ళు, పగుళ్ళు, అతుకుల కొలతలకును సంబంధం కట్టారు. రోడ్డు మంచి చెడ్డలను ప్రయాణికుడే నిర్ణయించునట్లు చేయుట చిన్న విషయం కాదు.

ఇక ఫలితం. పలక మందాన్ని అంగుళాలలో తీసుకొని ఒకటి కలిపి, 7.35 ఘాతానికి హెచ్చిస్తే, అది భరించే ఇరుసుల సంఖ్య ఆ ప్రకారం పెరుగుతుందని సూత్రం చెప్పినది. 8 అంగుళాల పలకను 9 అంగుళాలు చేస్తే ఎంత లాభం? 10కి, 9కి సంవర్గమానాల తేడా 0.0458, దానిని 7.35తో గుణిస్తే 0.336, అంటే రెండింతలకు కొంచెం పైన. (సూత్రంలోని మిగతా పదాల వల్ల వచ్చే తేడా ఇక్కడ స్వల్పం.) కాంక్రీటు పెరిగినది ఎనిమిదో వంతు, ఆయువు పెరిగినది రెండింతలు! ఇంత చౌక బేరం అరుదు. పలకలో పుట్టే ఒత్తిడి మందం వర్గానికి ఇంచుమించు విలోమంగా తగ్గుతుంది గనుక, 8 నుండి 9కి పోతే అయిదో వంతు తగ్గుతుంది; ఒత్తిడి కొద్దిగా తగ్గినా కాంక్రీటు అలసట చాలా ఆలస్యమవుతుంది. కావున సూత్రం చూపే దిక్కు సరియైనదే.

ఆ అంకెనే నమ్మి బడ్జెటు వేయుట వేరు. ఆ పలకలన్నీ ఒకే రకం బంకమట్టిపై, ఒకే శీతోష్ణస్థితిలో, రెండేళ్ళు మాత్రమే పరీక్షింపబడినవి. బండ్లు ఆగేనాటికి మందమైన పలకలలో చాలా వాటికి చెప్పుకోదగ్గ దెబ్బ తగలలేదు. చెడని పలక ఎన్నాళ్ళకు చెడునో చెప్పినది పరీక్ష కాదు, గీతను ముందుకు పొడిగించిన గణితం. పలుచని పలకలైనా ఎక్కువగా చెడినది నీటివల్ల. చక్రం తొక్కినప్పుడల్లా పలక అడుగునున్న నీరు ఇసుకను, మట్టిని వెంటబెట్టుకొని బయటికి చిమ్ముతుంది; అడుగు బోలుపడి, ఆధారం లేని మూల విరుగుతుంది. రోగం నీటిది, మందు మాత్రం కాంక్రీటు! కొట్టుకుపోని పునాదికీ, మురుగు కాలువకూ పెట్టే రూపాయి మందానికి పెట్టే రూపాయి కంటే ఎక్కువ ఫలమిచ్చునా అనే ప్రశ్నకు ఆ సూత్రంలో చోటే లేదు.

డబ్బు లెక్కలోనూ ఒక మెలిక ఉన్నది. ఇరవై ఏళ్ళ తరువాత కాగల 100 రూపాయల మరమ్మతు విలువ, 4 శాతం వడ్డీ లెక్కన నేడు 46 రూపాయలు. 8 శాతం లెక్కన 21 మాత్రమే. మొదటి లెక్కలో మందపు పలక గెలుస్తుంది, రెండవదానిలో ఓడిపోవచ్చు. వడ్డీ రేటు చెప్పని పోలికకు విలువ లేదు.

1986 నాటి అమెరికా మార్గదర్శికలో నీటిపారుదలకు చోటు దొరికినది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో సవరించిన 58వ నియమావళి బరువుతోపాటు ఎండనూ లెక్కిస్తుంది: పగలు పలక పైభాగం వేడెక్కి పగులు అడుగునుండి, రాత్రి పైభాగం చల్లబడి అంచులు లేవగా పగులు పైనుండి మొదలగునని భావించి, రెంటినీ విడివిడిగా సరిచూస్తుంది.