అలర్జీ సూది వేసే సిస్టర్

అలర్జీ క్లినిక్‌లో సిస్టర్ సూదితో ఎక్కించేది ఒంటికి పడని పుప్పొడి సారాన్నే. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రి నుంచి లెనార్డ్ నూన్ వెల్లడించిన పద్ధతి ఇది. మోతాదు వారంవారం కొంచెం కొంచెం పెంచాలి. పోయినసారి చెయ్యి ఎంత వాచిందో అడిగి, బాగా వాచిందంటే తగ్గించాలి. సూది పడ్డాక అరగంట కూర్చోవాల్సిందే. "పనుంది సిస్టర్, వెళ్తాను" అన్నా వదలదు. రియాక్షన్ వస్తే వేయడానికి పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుంటుంది. నాకు నచ్చేది ఆ మొండితనమే.

మోతాదులు పడేకొద్దీ ఒంటి లోపల రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే నియంత్రక టీ కణాలు బలపడతాయి. ఐజీజీ4 యాంటీబాడీలు పుప్పొడిని ముందే పట్టుకుని అలర్జీ రేపే ఐజీఈ యాంటీబాడీలకు అందనివ్వవు. ఆ టీ కణాల గుట్టు విప్పినవారికి 2025లో నోబెల్ వచ్చింది. కోర్సు మాత్రం మూడు నుంచి ఐదేళ్లు. నెలల తరబడి మానేసి వచ్చినవాళ్లకు ఆమె విసుక్కోకుండా చిన్న మోతాదుతో మళ్లీ మొదలుపెడుతుంది.