హీటర్ కన్నా ముందు సక్షన్ చూడండి

కార్ల ఇంటీరియర్ క్లీనింగ్ మొదలుపెడదామనుకునే కుర్రాళ్లు ఈ మధ్య బాలానగర్‌లో చాలామంది తగులుతున్నారు. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక ఇక్కడి నుంచి మాదాపూర్, హైటెక్ సిటీ వెళ్లడం తేలికైంది. అక్కడి అపార్ట్‌మెంట్ల సెల్లార్ల నిండా కార్లే. సీట్ల మీద టీ మరకలు, కార్పెట్ మీద బిర్యానీ నూనె, వెనక సీటులో పిల్లలు ఒలకబోసిన పాలు. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత పని. అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "అన్నా, హాట్ వాటర్ మెషిన్ ఏది తీసుకోమంటావ్?" అప్పు చేసి కొనే వస్తువు కాబట్టి ఈ వారం ఆ సంగతే కాస్త వివరంగా చెబుతాను.

ఎక్స్‌ట్రాక్టర్ అనే ఈ మెషిన్ చేసే పనులు రెండు. పంపు మందు కలిపిన నీళ్లను ఒత్తిడితో కార్పెట్ పోగుల్లోకి కొడుతుంది. వాక్యూమ్ మోటారు ఆ నీళ్లను మురికితో సహా వెనక్కి లాగుతుంది. హీటెడ్ మోడల్ అయితే నీళ్లు బయటికొచ్చే ముందు వేడెక్కుతాయి. వేడి వల్ల లాభం నిజమే. నెయ్యి పేరుకున్న గిన్నెను చన్నీళ్లతో తోమి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. జర్మనీలో హెంకెల్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో దీన్ని ఒక లెక్కగా పెట్టాడు. శుభ్రం చేయడానికి మందు, వేడి, సమయం, రుద్దడం అని నాలుగు అంశాలున్నాయి. ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవాలి. అంటే హీటర్ లేనివాడు మందు కొట్టి ఇంకాసేపు ఆగి, బ్రష్‌తో ఇంకాస్త రుద్ది దాదాపు అదే ఫలితం తెచ్చుకోగలడు. కార్చర్ పుజ్జి 10/1 మెషిన్‌లో హీటర్ ఉండదు. అయినా ఎన్నో దేశాల్లో డిటైలర్లు దాన్ని నమ్ముకుని బతుకుతున్నారు.

కానీ సక్షన్, అంటే లాగే బలం, తక్కువైతే ఆ లోటును దేనితోనూ పూడ్చలేం. లాగని నీళ్లు కార్పెట్ కిందున్న ఫెల్ట్‌లోకి దిగిపోతాయి. మన ఊళ్లో చాలా కార్లలో పైన 7డి మ్యాట్లు కూడా పరిచి ఉంటాయి కాబట్టి కింది తడికి గాలి తగలదు. వానాకాలంలో రెండు మూడు రోజులకే ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. 2020 అక్టోబరులో ఇక్కడ వచ్చిన వరదల్లో మునిగిన కార్లలో జరిగింది అదే. పైన ఆరినట్టే కనిపించినా అడుగున తడి అలాగే ఉండిపోయింది. అలాంటి బండికి ఏ ఎక్స్‌ట్రాక్టరూ సరిపోదు. సీట్లు దించి, కార్పెట్ ఊడదీసి ఆరబెట్టాల్సిందే.

క్యాటలాగ్‌లో మోటారు వాట్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు. వాట్లు మోటారు తినే కరెంటు లెక్క, లాగే బలం లెక్క కాదు. వాటర్ లిఫ్ట్ (మోటారు నీళ్లను ఎంత ఎత్తుకు లాగగలదో) ఎన్ని అంగుళాలో, గాలి ప్రవాహం ఎంతో అడగండి. షాపుకు పాత కార్పెట్ ముక్క పట్టుకెళ్లి, ట్యాంకులో కొలిచి 2 లీటర్లు పోయించి, మొత్తం కొట్టి లాగించండి. మురికి ట్యాంకులోకి ఎంత తిరిగొచ్చిందో కొలవండి. రెండు మెషిన్ల మధ్య తేడా అక్కడే తేలిపోతుంది. చేతి టూల్ మూతి నాలుగు అంగుళాలకు మించకుండా, పైభాగం పారదర్శకంగా ఉన్నది తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కి ఒకసారి లాగాక, ట్రిగ్గర్ వదిలేసి అదే గీత మీద మెల్లగా రెండు మూడుసార్లు లాగాలి. మొదట ఆ ప్లాస్టిక్‌లో నల్లటి నీళ్లు పరుగెడతాయి, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత ఒకటీ అరా చుక్కలు. చుక్కలు కూడా ఆగిపోయాకే పక్క గీతకు జరగాలి. ఈ ఓపిక లేనివాడి చేతిలో ఎంత ఖరీదైన మెషినైనా దండగే.

హీటర్ కొన్నా అన్ని మరకల మీదా వాడకూడదు. పాలు, రక్తం, గుడ్డు మరకల మీద వేడినీళ్లు పడితే అందులోని ప్రొటీన్ గడ్డకట్టి పోగులకు పట్టేస్తుంది. వాటికి ముందు చన్నీళ్లే. రూఫ్ లైనింగ్ జోలికి ఎక్స్‌ట్రాక్టర్‌తో వెళ్లనే వద్దు, జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడుతుంది. బిర్యానీ మసాలా మరక మీద ఘాటైన క్షార క్లీనర్ కొడితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే మనకు ఇది కొత్త సంగతి కాదు. నూనె లాగేశాక ఆమ్లగుణమున్న రిన్స్ కొడితే ఆ ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపు ఛాయను ఎండ చూసుకుంటుంది.

ఇక కరెంటు. సెల్లార్ స్తంభానికి ఉండేది చాలాచోట్ల 6 ఆంపియర్ల సాకెట్. 230 వోల్టుల దగ్గర అది ఇచ్చేది 1380 వాట్లు. 1200 వాట్ల మోటారు, 1500 వాట్ల హీటర్ కలిస్తే 2700. దానికి 16 ఆంపియర్ల పాయింటు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. సన్న వైరు వేడెక్కి కరుగుతుంది, తడి చేతులతో పనిచేసేవాడికి అది ప్రాణాపాయం. ఎర్తింగ్ లేని పాయింటులో మెషిన్ పెట్టకండి. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకోవాలనుకునేవాళ్లకు నా సలహా, వద్దు. అక్కడ అమ్మేవి 120 వోల్టులవి. మామూలు సాకెట్ 15 ఆంపియర్లే కావడంతో కొన్ని హీటెడ్ మోడళ్లకు రెండు ప్లగ్గులుంటాయి. ఇక్కడ నడపాలంటే మోయలేనంత ట్రాన్స్‌ఫార్మర్ వెంట తిప్పాలి.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొరే ఈ హీటర్‌కూ పడుతుంది. సన్నని గొట్టంలో నీళ్లు వేడెక్కే ఇన్‌లైన్ హీటర్ త్వరగా వేడినిస్తుంది కానీ, పొర కడితే మూసుకుపోతుంది. మన నీళ్లకు ట్యాంకులోనే కాయిల్ ఉన్న రకం మేలు. మూత తీసి చూడొచ్చు, నిమ్మ ఉప్పు నీళ్లతో కడుక్కోవచ్చు.

బాలానగర్‌లో ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇక్కడే ఉంది. చుట్టూ లేత్ షాపులు, మోటారు వైండింగ్ షాపులు కాబట్టి రిపేరు దగ్గర్లోనే చేయించుకోవచ్చు. అందుకే నేను బ్రాండ్ కన్నా ముందు మెషిన్ విప్పి చూపించమంటాను. కార్బన్ బ్రష్‌లు, పంపు సీలు, థర్మోస్టాట్ ఊరిలో దొరికే సైజులవేనా? స్ప్రే గొట్టానికి మామూలు పావు అంగుళం కప్లరేనా? విప్పడానికి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకండి.

డబ్బు తక్కువుంటే హీటర్ వదిలేయండి, మంచి మోటారున్న చన్నీళ్ల మెషిన్ తీసుకోండి. మంచి మోటారు, హీటర్ రెండూ ఉన్నది కొనగలిగినవాళ్లు డబ్బు కట్టే ముందు మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు, మీ బోరు నీళ్లు షాపుకు పట్టుకెళ్లి గంటసేపు ఆపకుండా నడిపించి చూడండి.