కీలు దగ్గర తీగ

కోనసీమలోని ఆలమూరు లాంటి ఊళ్లో ల్యాప్‌టాప్ బాగుచేసే కుర్రాడి పనితనం స్క్రూడ్రైవర్ పట్టకముందే తెలుస్తుంది. ‘వైఫై మాటిమాటికీ పోతోంది’ అనగానే మూత విప్పడు. ‘అప్పుడు ఫోన్‌లో వస్తుందాండీ?’ అంటాడు. ఫోన్‌లోనూ పోతే తప్పు రూటర్‌దో, లైనుదో. (2022 మేలో కోనసీమలో మొబైల్ నెట్ ఆపేసినప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు పోయారు. అది ఏ మెకానిక్కూ కుదిర్చే జబ్బు కాదు.)

ల్యాప్‌టాప్‌లోనే పోతుంటే, బ్యాటరీ ఆదా కోసం వైఫై కార్డును నిద్రపుచ్చే టిక్కు ముందు తీసేస్తాడు. చాలాసార్లు అంతే.

కుదరకపోతేనే అడుగు పలక ఊడుతుంది. చిన్న కార్డు, దాని మీద మిరియపు గింజకన్నా చిన్న బొడిపెలు రెండు. వాటికి తగిలించిన నల్ల తీగ, తెల్ల తీగ కీలు గుండా తెర అంచున ఉన్న యాంటెన్నాలకు పోతాయి. తెరిచీ మూసీ, తెరిచీ మూసీ, కీలు దగ్గర తీగ నలుగుతుంది. అందుకే తెరను మెల్లగా వంచుతూ సిగ్నల్ గీతలు చూస్తాడు. ఏ వంపులో గీత పడిపోయిందో అక్కడే దొంగ! కొత్త కార్డు అంటగడితే అతనికి లాభమే. తీగ మార్చి పంపేవాడంటేనే నాకు గౌరవం.

మార్చాక కూడా వెంటనే ఇవ్వడు. ఓ సినిమా పెట్టి, మూత ఆడిస్తూ కూర్చుంటాడు. ‘ఆయ్, ఇంక పట్టుకెళ్లండి’ అనేది ఆ తర్వాతే.