సెల్ఫ్ కొట్టు, విందాం

కవిటి, సోంపేటల కొబ్బరికాయలైనా, పలాస జీడిపప్పు బస్తాలైనా, భావనపాడు చేపలైనా పెద్ద లారీ ఎక్కేలోపు ఏదో ఒక పికప్ ఎక్కక తప్పదు. ఉద్దానం తోటల సందుల్లోకి, ఇసుక దారుల్లోకి పోయేవి ఆ చిన్న బళ్లే. టాటా 207, మహీంద్రా పికప్, 2005లో వచ్చిన టాటా ఏస్: వీటిలో పాతబడినవి ఇంకా తిరుగుతున్నాయంటే, టెక్కలి నుంచి నిమ్మాడ మీదుగా నరసన్నపేట దాకా పదహారో నంబరు రహదారి పక్కన రేకుల షెడ్లలో పనిచేసే మేస్త్రీల చలవే. ఈ మేస్త్రీల విద్యకు పుస్తకం లేదు. గురువు పక్కన పానాలు అందిస్తూ నేర్చుకున్నదే.

బండి స్టార్ట్ కావడం లేదని చెప్పగానే మంచి మేస్త్రీ పానా తీయడు. ముందు అడుగుతాడు. "రేతిరి బాగానే ఒచ్చిందా తమ్ముడూ? ఎక్కడ పెట్టినావు? డీజిల్ ఎక్కడ కొట్టించినావు?" నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన బండి జబ్బు వేరు, తెల్లవారి లేవని బండి జబ్బు వేరు. ఆ తర్వాత అనేది ఒకటే మాట: "సెల్ఫ్ కొట్టు, విందాం."

ఆ చప్పుడులోనే సగం సంగతి తేలుతుంది. ఇంజను గిర్రున తిరిగినా అంటుకోకపోతే డీజిల్ వైపు చూడాలి. టిక్కుమని ఊరుకున్నా, నీరసంగా మూలిగినా కరెంటు వైపు చూడాలి. ఇక్కడే చాలామంది డ్రైవర్లు వాదనకు దిగుతారు: "లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగానే ఉంది" అని. హెడ్‌లైటు బల్బు ఒకటి లాగేది నాలుగైదు ఆంపియర్లు. డీజిల్ ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. అందుకే మేస్త్రీ లైట్లు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టిస్తాడు. టిక్కుమన్న వెంటనే లైట్లు ఆరిపోతే బ్యాటరీలోనో, టెర్మినళ్లలోనో దోషం. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి నుంచి సెల్ఫ్ మీది సొలినాయిడ్ దాకా ఉన్న తీగలో ఎక్కడో తెగింది. దాన్ని పట్టడానికి రెండు తీగలు తగిలించిన 12 వోల్టుల బల్బు చాలు.

ఉద్దానం గాలిలో ఉప్పుంది. అది ముందుగా తినేది బ్యాటరీ నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి ఇంజనుకు పోయే ఎర్త్ పట్టీలను. పైకి గట్టిగా కనబడుతుంది, బోల్టు కింద తుప్పు. దీనికి బ్యాటరీ మార్చేసి, సెల్ఫ్ విప్పి బాగుచేయించి డబ్బు తగలేసుకున్న యజమానులుంటారు. తెలిసిన మేస్త్రీ లావుపాటి కేబులు ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజను బ్లాకుకు తగిలిస్తాడు. సెల్ఫ్ హుషారుగా తిరిగిందా, పట్టీ విప్పి, ఉప్పుకాగితంతో గీకి, గ్రీజు రాసి బిగిస్తాడు. నా దృష్టిలో రిపేరంటే ఇది. సామాను మార్చడం అంగడి వ్యాపారం.

ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు మేస్త్రీ బండి వెనక్కి నడిచి సైలెన్సర్ చూస్తాడు. డీజిల్ బండికి స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కితే అది ఐదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులో చిమ్మిన డీజిల్ దానంతటదే మండుతుంది. కనుక పొగే లేదంటే డీజిల్ అందడం లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది, వేడి చాలడం లేదు. హీటర్ ప్లగ్గులు పోయి ఉండాలి, లేదా కంప్రెషన్ తగ్గి ఉండాలి, లేదా సెల్ఫే నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఈ చివరిది గమనించండి. నెమ్మదిగా నొక్కిన గాలి వేడి నిలుపుకోదు. బ్యాటరీ జబ్బు డీజిల్ జబ్బులా వేషం వేసుకొస్తుంది.

పొగ లేని బండికి మొదట చూసేది చెబితే నవ్వుతారు. ఇంజను ఆపే కేబులు లాగి వదిలేశారా అని. కొత్త డ్రైవరు చేతిలో ఇది మామూలే. కేబులుకు బదులు పంపు మీద స్టాప్ సొలినాయిడ్ ఉంటే తాళం తిప్పగానే టక్కుమనాలి. అనకపోతే దాని తీగ చూడాలి.

ఆ రెండూ బాగుంటే ఎయిర్ పట్టేసిందని అనుమానించాలి. ట్యాంకు ఎండేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా, రబ్బరు గొట్టం చిట్లినా డీజిల్ లైనులో గాలి చేరుతుంది. గాలి బుడగ నలిగిపోతుందే గానీ నాజిల్‌ను తెరిచేంత ఒత్తిడినివ్వదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ పోతే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆపైన నిండు ధార. ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు దగ్గర, అవసరమైతే నాజిల్ పైపుల దగ్గర ఇదే పని. తొందరపడ్డవాడు సగంలో బిగించి, సెల్ఫ్ కొట్టి కొట్టి ఉన్న బ్యాటరీని కాస్తా దించేస్తాడు. ఎయిర్ తీసినా మర్నాడు మళ్లీ అదే గొడవైతే ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. దాన్ని కనిపెట్టేదాకా పని అయినట్టు కాదు.

గుడ్డ కాల్చి గాలి గొట్టం దగ్గర పెట్టి ఇంజను లేపడం కొందరికి గొప్ప. నాకు అందులో నేర్పేమీ కనబడదు. బండి కాలిపోతే చెప్పుకోవడానికీ ఉండదు. అలాగే 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ లాంటి తుఫానులో నీట మునిగిన బండికి సెల్ఫ్ కొట్టడమంత తప్పు లేదు. సిలిండరులో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు హీటర్ ప్లగ్గులో నాజిళ్లో విప్పి నీరు బయటికి పోనివ్వాలి.

ఈ పద్ధతులన్నీ కొత్త బళ్లకు పనికిరావు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ బళ్లలో పైపు ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. అక్కడ స్కానర్ కావాల్సిందే. అయితే ఆ తెరమీద వోల్టేజి తక్కువని కనిపించాక తుప్పు ఏ బోల్టు కింద ఉందో వెతకాల్సింది మళ్లీ చెయ్యే. షెడ్డులో పానాలు అందించే కుర్రాళ్లకు స్కానర్ పని కూడా నేర్పే ఏర్పాటు ఐటీఐలు చేస్తే బాగుంటుంది.

పాత పికప్ కొనబోయేవారికి ఒక మాట. అమ్మేవాడు ముందే వేడెక్కించి ఉంచిన బండిని చూసి బేరం కుదుర్చుకోకండి. తెల్లవారుజామున, బానెట్టు మీద చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, మీరే సెల్ఫ్ కొట్టండి. కొన్నాక డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీళ్లను వానాకాలంలో వారానికోసారి వదలండి.