హుడ్ బరువు మోసేది మెడే

నెల్లూరు తీరంలో స్వెట్టర్లు అల్లే ఆడవాళ్లున్నారంటే బయటివాళ్లు నమ్మరు. ధనుర్మాసంలో తెల్లారుజామున ముగ్గు వేసేటప్పుడు తప్ప ఇక్కడ చలి మాట వినపడదు. అప్పుడైనా భుజాల మీద ఒక శాలువా ఉంటే చాలు. అయినా మా తరం వాళ్ల ఇళ్లలో బీరువా అడుగున ఉన్ని ఉండలుంటాయి, సూదులుంటాయి. మేం అల్లినవన్నీ ఊరగాయ డబ్బాల పక్కన సూట్‌కేసుల్లో సర్దుకుని అమెరికాలోని ఎడిసన్‌కో షికాగోకో పోతాయి. కళ్లెదుట లేని ఒంటికి అల్లడం మా పని. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది, నాకు ఇష్టమైనదీ అదే.

ఇప్పుడు పిల్లలందరూ అడిగేది హుడ్ ఉన్న కార్డిగన్. ముందు బొత్తాలు, వెనకాల తలను కప్పే టోపీ. పాటర్న్‌లకు కొదవలేదు, కానీ అవన్నీ వయసును బట్టి రాసినవే. "అమ్మా, దానికి ఎనిమిదేళ్లు గదా, ఎనిమిదేళ్ల సైజే అల్లేయ్, సరిపోద్దిలే" అంటుంది మా అమ్మాయి ఫోన్లో. అమెరికాలో ఉన్ని పరిశ్రమ వాళ్లు వాడే కొలతల పట్టికలో ఎనిమిదో సైజుకు ఛాతీ 26.5 అంగుళాలు, ఆరో సైజుకు 25, నాలుగో సైజుకు 23. మా మనవరాలికి ఛాతీ 24, చెయ్యి మాత్రం ఎనిమిదో సైజు చెయ్యి. పట్టికలో చంక నుంచి మణికట్టు దాకా ఇచ్చిన 12.5 అంగుళాలూ కావాల్సిందే. ఇలాంటి సన్నటి పిల్లకు ఎనిమిదో సైజు అల్లితే భుజాలు జారతాయి, ఆరో సైజు అల్లితే చేతులు మోచేతుల వైపు పాకుతాయి. అందుకే నేను వెడల్పుల కుట్లు ఒక సైజులోంచి తీసుకుంటాను, పొడవులు ఇంకో సైజులోంచి తీసుకుంటాను. పాటర్న్ రాసినవాళ్లు అనుకున్న బిడ్డ వేరు, మన బిడ్డ వేరు.

కొలతలు తెప్పించుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లను నిలబెట్టి టేపు చుట్టమంటే అది కులుకుతుంది, వంగుతుంది, కొలత రెండు అంగుళాలు అటూ ఇటూ అవుతుంది. దానికి బాగా అమరిన స్వెట్‌షర్ట్ ఒకటి నేల మీద చదునుగా పరిచి, ఛాతీ అడ్డం, ఈ భుజం చివరి నుంచి ఆ భుజం చివరికి, చంక లోతు, చెయ్యి పొడవు వీడియోలో కొలిచి చూపించమంటాను. తొడుక్కున్న బట్ట కొలతలో వదులు కూడా కలిసే వస్తుంది కాబట్టి, ఎంత లూజు ఇవ్వాలనే మీమాంస సగం తీరుతుంది. మిగతా సగానికి నా లెక్క ఇది: లోపల టీషర్టు మీద తొడిగే కార్డిగన్‌కు ఒంటి చుట్టుకొలత మీద నాలుగు అంగుళాలు. 24కు 28.

ఆ 28 అంగుళాలను కుట్లుగా మార్చేటప్పుడే చాలామంది చేతుల్లో స్వెట్టర్ దారి తప్పుతుంది. పాటర్న్ నాలుగు అంగుళాలకు 20 కుట్లు అంటుంది, అంటే అంగుళానికి ఐదు, మొత్తం 140. అల్లేవాళ్ల చెయ్యి కాస్త బిగువై నాలుగు అంగుళాలకు 22 కుట్లు పడితే, అవే 140 కుట్లు ఇరవై ఐదున్నర అంగుళాలకు వచ్చి ఆగిపోతాయి. సూది మీద ఉన్నప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. మా తీరంలో ఇంకో చిక్కుంది. ఉక్కపోతకు వేళ్లకు చెమట పట్టి ఉన్ని సూది మీద జారదు, తెలియకుండానే కుట్టు బిగుస్తుంది. సాయంత్రం సముద్రం గాలి మొదలయ్యాక అదే చెయ్యి వదులుగా పోతుంది. అందుకని అరచేతి వెడల్పు నమూనా ముక్క మధ్యాహ్నం కొంత, సాయంత్రం కొంత అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలవాలి. ఉతకకుండా కొలిచిన ముక్కను నేను లెక్కలోకి తీసుకోను. అమెరికా ఇళ్లలో బట్టలు వాషింగ్ మెషిన్‌లోంచి నేరుగా డ్రయ్యర్‌లోకి పోతాయి. మామూలు ఉన్ని దాన్ని తట్టుకోలేక ముడుచుకుపోయి గట్టిపడుతుంది. అందుకే చాలామంది అక్రిలిక్ వాడతారు. ముడుచుకోని ఆ అక్రిలికే హుడ్ బరువు పడితే సాగుతుంది.

నా దృష్టిలో హుడ్ కార్డిగన్ ఫిట్టింగ్ అంతా మెడ వెనకే ఉంది. హుడ్ తల మీద ఉన్నప్పుడు దాని బరువు తల మోస్తుంది. పిల్లలు తల మీద ఎంతసేపు ఉంచుకుంటారు? రోజంతా అది వీపు మీద వేలాడుతూ ఉంటుంది. అలా వేలాడి వెనక మెడను కిందికి లాగితే, ముందున్న బొత్తాల పట్టీ గొంతు మీదికి ఎక్కుతుంది, భుజాల కుట్టు వెనక్కి జారుతుంది. చూసినవాళ్లు సైజు పెద్దదైందనుకుంటారు. ఒక సైజు తగ్గించి అల్లినా అదే తంతు.

దీనికి రెండు మందులు. మొదటిది వెనక మెడను ముందు మెడకన్నా పైకి లేపడం. వెనక భాగంలో ఒక భుజం నుంచి మొదలుపెట్టి, రెండో చివరిదాకా పోకుండా మధ్యలో తిరిగి రావడం, మళ్లీ ఇంకాస్త ముందుగానే తిరగడం, ఇలా సగం వరసలు కొన్ని అల్లితే వెనక ఒక అంగుళం ఎత్తు పెరుగుతుంది, ముందు పెరగదు. ఆ అంగుళం హుడ్ లాగే లాగుడుకు అడ్డం పడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. చాలా పాటర్న్‌లు మెడ కుట్లను సూది మీదే ఉంచి, వాటి మీదనుంచే హుడ్ కొనసాగించమంటాయి. పని తొందరగా అవుతుంది, కుట్టు కనపడదు, చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ మెడ దగ్గర ఆపేదేదీ ఉండదు. నేను మెడ కుట్లన్నీ గట్టిగా మూసేసి, ఆ మూసిన అంచులోంచి కొత్తగా కుట్లు ఎత్తి హుడ్ మొదలుపెడతాను. ఆ అంచు లోపల ఒక పట్టీలా నిలబడి సాగనివ్వదు.

మా తీరంలో మైపాడు దగ్గర వల కట్టేవాళ్లను చూస్తే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. నైలాన్ వల మిషన్ మీద తయారై వస్తుంది, దాన్ని తాడుకు కట్టేది మాత్రం చేతులే. చాచి కొలిస్తే వంద మీటర్లుండే వలను యాభై మీటర్ల చిల్లర తాడుకు సర్దుతారు. తాడు పొట్టిగా ఉంటేనే వల కళ్లు తెరుచుకుంటాయి. ఎంత తెరుచుకోవాలో తాడే నిర్ణయిస్తుంది. కార్డిగన్‌కు ఆ తాడు మూసిన మెడ అంచు. బొత్తాల పట్టీకి కూడా ఇదే న్యాయం. నాలుగు అంగుళాల్లో 20 కుట్లు, 28 వరసలు పడే అల్లికలో పక్క అంచు వెంట నాలుగు వరసలకు మూడు కుట్లు ఎత్తాలి. వరసకొకటి ఎత్తితే పట్టీ అలలు పోతుంది. మరీ తక్కువ ఎత్తితే ముందు అంచు పైకి లాక్కుపోతుంది.

హుడ్ లోతు గురించి పాటర్న్‌లు పట్టించుకోని విషయం ఒకటుంది: జడ. మన ఆడపిల్లల తల వెనక పోనీటెయిల్ ఉంటుంది, లేదా రెండు జడలుంటాయి. తల చుట్టుకొలతను బట్టి అల్లిన హుడ్ జడ మీద ఎక్కి నుదుటి నుంచి వెనక్కి జారిపోతుంది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన అల్లిక గురువు ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఒక సులువు చెప్పింది: ఛాతీ చుట్టూ ఉన్న కుట్లను నూరనుకుంటే మెడ సుమారు 40, మణికట్టు 20. మన 140 కుట్లకు మెడ 56. కానీ 56 కుట్లంటే పదకొండు అంగుళాల చిల్లర, హుడ్‌గా మడిస్తే తల వెనక ఆరు అంగుళాలు కూడా రాదు. జడతో కలిపి ఎనిమిదిన్నర, తొమ్మిది అంగుళాలు కావాలి. అంటే కుట్లు 85 నుంచి 90. పెంచాల్సిన కుట్లన్నీ మెడ వెనక మధ్య గీతకు అటూ ఇటూ వేయాలి. అంచుల దగ్గర పెంచితే ఆ జాగా బుగ్గల మీద వేలాడుతుంది, జడకు పనికి రాదు. ఎత్తు కోసం ఒక కంటె ఎముక నుంచి నడినెత్తి మీదుగా రెండో కంటె ఎముక దాకా టేపు పట్టమంటాను. అందులో సగం, ఇంకో అంగుళం.

పైన రెండు సగాలనూ కలిపి కుట్టేస్తే కోణంగా మూతి లేస్తుంది, మరుగుజ్జుల బొమ్మల్లోని టోపీలాగా. కొందరికి అదే ముచ్చట. గుండ్రంగా కావాలంటే చివరి రెండు అంగుళాల్లో మధ్య గీతకు ఇరువైపులా ఒక్కో కుట్టు తగ్గిస్తూ పోవాలి.

హుడ్‌కు తాడు మాత్రం పెట్టను. బండి తలుపులోనో, ఆటస్థలంలో జారుడుబల్ల దగ్గరో తాడు చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయాయనే అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లోనే పిల్లల హుడ్‌లకు తాళ్లు వద్దని మార్గదర్శకాలిచ్చింది, 2011లో దాన్ని నిబంధన చేసింది. పాటర్న్‌లో ఎంత ముద్దుగా ఉన్నా ఆ భాగం వదిలేస్తాను. మెడ దగ్గర ఒక బొత్తాం ఎక్కువ కుట్టినా పని జరుగుతుంది.

ఇక చేతులు. కింద కఫ్ నుంచి పైకి అల్లితే పొడవు చాలనప్పుడు చేయగలిగేది తక్కువ. ఎక్కించిన అంచు వైపు నుంచి అల్లిక సులువుగా ఊడిరాదు. అందుకని చంక దగ్గర కుట్లు ఎత్తి కిందికి అల్లుతాను. మణికట్టు దగ్గర మూసిన అంచును ఒక్క దారం లాగి విప్పొచ్చు, వచ్చే చలికాలానికి కఫ్ దాకా ఊడదీసి రెండు అంగుళాలు పొడిగించి మళ్లీ అల్లొచ్చు. అందుకు కావాల్సిన ఉండ ఒకటి కార్డిగన్‌తో పాటే సూట్‌కేసులో పెడతాను. రంగు ఏ వాయిలో వేశారో చెప్పే డై లాట్ నంబరు ఉండ చుట్టూ ఉన్న చీటీ మీద ఉంటుంది. వేరే లాట్ ఉన్ని తెచ్చి కలిపితే పగటి వెలుగులో అతుకు తెలిసిపోతుంది. చీటీ తీసేయకుండా అలాగే ఉంచమని మా అమ్మాయికి చెప్పాను.